చెప్పాల్సిందెవరు, చెల్లించాల్సిందెవరు?

బరువు తగ్గడానికి డాక్టర్ రాసిన మందు వాడి, ఆ మందు వల్లే ఆస్పత్రి పాలైన మనిషిని చట్టం ఎలా ఆదుకుంటుంది? మొన్నటిదాకా ఈ ప్రశ్న ఎక్కువగా అమెరికా కోర్టుల్లోనే వినిపించేది. ఇప్పుడు మన దేశంలోనూ జవాబు వెతకాల్సిన సమయం వచ్చింది. ఎలి లిలీ కంపెనీ మౌంజారో 2025 మార్చిలోనూ, నోవో నార్డిస్క్ కంపెనీ వెగోవీ అదే ఏడాది జూన్‌లోనూ భారత మార్కెట్‌లో అడుగుపెట్టాయి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌పై మన దేశంలో ఉన్న పేటెంట్ గడువు 2026 మార్చితో తీరింది. దాని జెనరిక్ తయారీకి ముందునుంచే సిద్ధపడిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా ఉంది. ధర దిగితే వాడేవాళ్లు పెరుగుతారు. వాడేవాళ్లు లక్షల్లోకి చేరితే, పదివేలలో ఒకరికి వచ్చే హాని కూడా మన చుట్టుపక్కలే కనిపిస్తుంది. అప్పుడు ఆ బాధితులు ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని అడగాలి అన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాలి. మందు హాని కేసుల్ని దేశదేశాల్లో పరిశీలిస్తే ఒక విషయం తేటగా తెలుస్తుంది. హాని జరిగిందని చూపిస్తే చాలదు, ఆ ప్రమాదం గురించి ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారన్న దానిమీదే కేసు నిలుస్తుంది లేదా పడిపోతుంది. మన చట్టం ఆ చెప్పే బాధ్యతను కంపెనీ నుంచి డాక్టర్ మీదికి జరిపింది. డాక్టర్ ఎంత చెప్పాలన్నది వైద్యుల వాడుకకే వదిలేసింది. రోగికి నేరుగా జవాబు చెప్పాల్సినవారు ఎవరూ లేని ఖాళీ అలా ఏర్పడింది. ఈ ఖాళీ కేసులతో మాత్రమే పూడదు. హెచ్చరిక రోగి భాషలో రోగి చేతికే అందాలి. తప్పు ఎవరిదో తేలకపోయినా తీవ్రంగా దెబ్బతిన్నవారిని ఆదుకునే నిధి ఉండాలి.

మందు గుణం, మందు దోషం

ముందుగా మందుకు దక్కాల్సిన మాట దక్కాలి. ఇవి నిజంగా పనిచేసే మందులు. వెగోవీ అనుమతికి ఆధారమైన ప్రయోగాల్లో ఒకటైన స్టెప్-1లో 1,961 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. గుండెజబ్బు, అధిక బరువు రెండూ ఉన్న 17,604 మందిపై జరిగి 2023లో వెలువడిన సెలెక్ట్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే ముప్పు 20 శాతం తగ్గింది. స్థూలకాయం ఒక జబ్బు. దానికి మందు దొరకడం మంచి వార్త. అయితే ఈ మందులు మేలు చేసే దారిలోనే హాని కూడా పొంచి ఉంది. జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేస్తూ ఇవి ఆకలిని చంపుతాయి, పొట్టలోంచి ఆహారం కిందికి జారే వేగాన్ని తగ్గిస్తాయి. డోసు పెంచే రోజుల్లో వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి వచ్చి పోతాయి. కొద్దిమందిలో మాత్రం పొట్ట కదలిక బాగా మందగించి తిన్నది తిన్నట్టే నిలిచిపోతుంది. గ్యాస్ట్రోపరేసిస్ అంటే ఇదే. కొందరిలో పేగుల కదలిక ఆగిపోతుంది, మరికొందరిలో క్లోమం వాస్తుంది, పిత్తాశయంలో రాళ్లు చేరతాయి. బ్రిటిష్ కొలంబియా పరిశోధకులు 2023 అక్టోబర్‌లో జామా పత్రికలో ప్రచురించిన విశ్లేషణలో, బరువు తగ్గడానికి ఈ మందులు వాడినవారిని మరో రకం బరువు మందు వాడినవారితో పోల్చారు. క్లోమం వాపు ముప్పు సుమారు తొమ్మిది రెట్లు, పేగు అడ్డంకి నాలుగు రెట్లు, గ్యాస్ట్రోపరేసిస్ మూడున్నర రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. రెట్లు పెద్దవే అయినా మొత్తం బాధితుల సంఖ్య చిన్నదేనని ఆ అధ్యయనాన్ని చదివేవారు గుర్తుంచుకోవాలి.

ఈ వైద్య సమాచారానికి చట్టపరంగా ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. కోర్టు దృష్టిలో తేదీలు ముఖ్యం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 సెప్టెంబర్‌లో, సెమాగ్లుటైడ్‌కే మరో బ్రాండ్ అయిన ఒజెంపిక్ లేబుల్‌లో ఇలియస్, అంటే పేగుల కదలిక స్తంభించడం, గురించి ప్రస్తావన చేర్చింది. కంటి నరానికి రక్తం అందక చూపు హఠాత్తుగా దెబ్బతినే ఎన్‌ఏఐఓఎన్ అనే అరుదైన జబ్బుకూ సెమాగ్లుటైడ్‌కూ సంబంధం ఉండవచ్చని 2024 జులైలో హార్వర్డ్ అనుబంధ కంటి ఆస్పత్రి పరిశోధకులు రాశారు. 2025 జూన్‌లో యూరప్ ఔషధ సంస్థ కమిటీ దాన్ని చాలా అరుదైన దుష్ప్రభావంగా, పదివేల మందిలో ఒకరిదాకా రావచ్చని తేల్చి, లేబుల్‌లో చేర్చమంది. ఒకే హాని ఈ తేదీలకు ముందు జరిగితే 'మీకు తెలిసీ చెప్పలేదు' అని కంపెనీని నిలదీయవచ్చు. తర్వాత జరిగితే 'మేం రాశాం, డాక్టర్ చదవాల్సింది' అని కంపెనీ తప్పుకుంటుంది. లేబుల్‌పై మొదటినుంచీ ఉన్న క్లోమం వాపు లాంటి హానుల విషయంలో హెచ్చరించలేదన్న వాదన మొదట్లోనే బలహీనపడుతుంది.

అమెరికా అనుభవం

అమెరికాలో ఈ కేసులు 2023 ఆగస్టులో లూసియానా రాష్ట్రానికి చెందిన ఒక మహిళ వేసిన దావాతో వార్తల్లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో దేశం నలుమూలల ఫెడరల్ కోర్టుల్లో పడ్డ దావాలన్నిటినీ ఫిలడెల్ఫియాలోని కోర్టుకు చేర్చారు. మొదట వాటిని చూసిన జడ్జి జీన్ ప్రాటర్ ఆ ఏడాది మేలో కన్నుమూయడంతో జడ్జి కారెన్ మార్స్టన్ బాధ్యత తీసుకున్నారు. 2025 నాటికి దావాలు రెండు వేలు దాటాయి. ఇలా ఒకచోట చేర్చినంత మాత్రాన అందరిదీ ఒకే కేసు అయిపోదు. విచారణకు ముందు జరిగే పనులు, అంటే కంపెనీ పత్రాలు తెప్పించడం, శాస్త్రవేత్తల సాక్ష్యం తూచడం వంటివి, ఉమ్మడిగా సాగుతాయి. తన ఒంట్లో జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరికివారే రుజువు చేసుకోవాలి. అక్కడ చదువుకో ఉద్యోగానికో వెళ్లి ఈ మందులు వాడుతున్న తెలుగువారికి కూడా ఈ నియమమే వర్తిస్తుంది. దావా వేసే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల అది రెండు మూడేళ్లే.

ఆ రుజువు ఎంత కఠినమో 2025 ఆగస్టులో జడ్జి మార్స్టన్ ఇచ్చిన నిర్ణయం చూపించింది. మందు వల్ల గ్యాస్ట్రోపరేసిస్ వచ్చిందని చెప్పేవారు పొట్ట ఎంత వేగంగా ఖాళీ అవుతోందో కొలిచే పరీక్ష ద్వారా దాన్ని నిర్ధారించాలని, లక్షణాలు చూసి డాక్టర్ వేసిన అంచనా చాలదని ఆమె తేల్చారు. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది సబబే. షుగరు వ్యాధే గ్యాస్ట్రోపరేసిస్‌కు ప్రసిద్ధమైన కారణం కాబట్టి, షుగరు కోసం ఈ మందు వాడినవారిలో తప్పు జబ్బుదా మందుదా అన్నది తేల్చక తప్పదు. రోగి వైపు నుంచి చూస్తే మాత్రం, రోజుకు పదిసార్లు వాంతి చేసుకుంటూ ఎమర్జెన్సీ వార్డులో చేరిన మనిషికి ఆ పరీక్ష అప్పుడే చేయించుకోవాలన్న సంగతి ఎవరు చెబుతారు? మందు మానేసి నెలలు గడిచాక పొట్ట కోలుకుంటే, అప్పుడు చేసే పరీక్షలో పాత బాధ ఆనవాలు కూడా దొరక్కపోవచ్చు. వైద్యం కోసం అక్కరలేని పరీక్ష కేసుకు ప్రాణం అవుతుంది. ఆ సంగతి తెలిసే వేళకు అవకాశం చేజారుతుంది.

దీనికి మించిన అడ్డంకి నిపుణ మధ్యవర్తి సూత్రం. చీటీ మీద అమ్మే మందు విషయంలో కంపెనీ డాక్టర్‌ని హెచ్చరిస్తే చాలు, రోగిని హెచ్చరించినట్టేనని అమెరికా రాష్ట్రాల్లో ఎక్కువభాగం ఒప్పుకుంటాయి. రోగికి చెప్పే పని డాక్టర్‌ది. ఈ సూత్రానికి మూలమైన కాలంలో మందుల కంపెనీ రోగితో మాట్లాడేది కాదు. ఇప్పుడు అమెరికాలో టీవీ తెరిస్తే ఒజెంపిక్ ప్రకటన పాటతో సహా వినిపిస్తుంది. కంపెనీ నేరుగా రోగికే అమ్మకపు మాటలు చెబుతున్నప్పుడు హెచ్చరిక మాత్రం డాక్టర్‌కి చెబితే చాలనడం న్యాయం కాదని న్యూజెర్సీ సుప్రీం కోర్టు 1999లో పెరెజ్ కేసులో చెప్పింది. టెక్సస్ సుప్రీం కోర్టు 2012లో ఆ వాదనను తోసిపుచ్చింది. జెనరిక్ మందుల సంగతి ఇంకా విచిత్రం. ఎఫ్‌డీఏ లేబుల్‌ను ఒప్పుకున్నా సరే, బ్రాండ్ కంపెనీ తగినంత హెచ్చరించలేదని దావా వేయవచ్చని అమెరికా సుప్రీం కోర్టు 2009లో వైయెత్ వర్సెస్ లెవిన్ కేసులో తీర్పిచ్చింది. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, జెనరిక్ కంపెనీ బ్రాండ్ లేబుల్‌ను మార్చే వీల్లేదు కాబట్టి దానిపై అలాంటి దావా చెల్లదని ప్లీవా వర్సెస్ మెన్సింగ్ కేసులో తేల్చింది. ఒకే మందు, ఒకే హాని అయినా షాపులో చేతికొచ్చిన డబ్బాను బట్టి హక్కు ఉండటమో పోవడమో జరుగుతుంది.

పాత గాయాలు చెప్పే పాఠం

బరువు మందుల చరిత్రలో ఈ కథ కొత్తది కాదు. 1990లలో అమెరికాను ఊపేసిన ఫెన్-ఫెన్ జంట మందుల్లో ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997 జులైలో మేయో క్లినిక్ డాక్టర్లు 24 మంది మహిళల కేసులతో బయటపెట్టారు. రెండు నెలల్లో, సెప్టెంబర్‌లో, ఆ మందు మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. తయారీదారు అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ 1999లో 375 కోట్ల డాలర్ల జాతీయ ఒప్పందానికి ఒప్పుకుంది. చివరికి ఆ కంపెనీ ఈ కేసులకోసం పక్కన పెట్టాల్సి వచ్చిన సొమ్ము రెండు వేల కోట్ల డాలర్లు దాటింది. అంత డబ్బు కదిలినా అది చేరాల్సినవారికి సజావుగా చేరలేదు. లాయర్లు గుంపులుగా గుండె స్కానింగులు చేయించి వేసిన క్లెయిముల్లో నిజమైనవేవో తేల్చడానికి ప్రతి ఒక్కటీ తనిఖీ చేయాల్సి వచ్చింది. నిజంగా దెబ్బతిన్నవారు ఆ వరుసలో వేచి ఉన్నారు. కెంటకీ రాష్ట్రంలో 20 కోట్ల డాలర్ల ఒప్పందంలో తమ క్లయింట్లకు చెందాల్సిన సొమ్మును కాజేసినందుకు ఇద్దరు లాయర్లు 2009లో దోషులుగా తేలారు. దావాల దారిలో వచ్చే పరిహారానికి ఇలాంటి ఖర్చు ఉంటుందని ఒప్పుకోవాలి.

ఫ్రాన్స్ మరో దారి చూపింది. సెర్వియె కంపెనీ మెడియేటర్ అనే మందును 1976 నుంచి 2009 దాకా షుగరు రోగుల మందుగా అమ్మింది. డాక్టర్లు దాన్ని ఆకలి చంపే మందుగా విరివిగా రాశారు. సుమారు 50 లక్షల మంది వాడారు. ఫెన్‌ఫ్లూరమైన్ కుటుంబానికే చెందిన ఆ మందు గుండె కవాటాలను పాడుచేస్తోందని బ్రెస్ట్ పట్టణంలో ఊపిరితిత్తుల వైద్యురాలు ఇరీన్ ఫ్రాషాన్ పట్టుబట్టి నిరూపించారు. 2021 మార్చిలో పారిస్ కోర్టు కంపెనీని మోసం, నిర్లక్ష్యపు మరణాల నేరాల్లో దోషిగా తేల్చి 27 లక్షల యూరోలకు పైగా జరిమానా వేసింది. చర్య తీసుకోవడంలో ఆలస్యం చేసిన ఔషధ నియంత్రణ సంస్థకూ జరిమానా పడింది. 2023 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు, ఆరోగ్య బీమా సంస్థలకు 41 కోట్ల యూరోలకు పైగా తిరిగివ్వాలని ఆదేశించింది. ఈ కేసులో మనకు పనికొచ్చే అంశం జరిమానా కంటే ముందు జరిగింది. నేర విచారణ ముగిసేదాకా బాధితుల్ని ఆపకుండా, 2011లోనే ఫ్రాన్స్ పార్లమెంటు ప్రభుత్వ వైద్య పరిహార కార్యాలయం ద్వారా వారి దరఖాస్తులు పరిశీలించే ఏర్పాటు చేసింది. దోషి ఎవరన్న విచారణ, బాధితుడికి సాయం అన్న రెండు పనుల్నీ విడదీయవచ్చని అది నిరూపించింది.

మన చట్టంలో ఉన్న తలుపులు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కాగితం మీద భారతీయ రోగికి ఉన్న తలుపులు తక్కువేం కాదు. మొదటిది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మరో అడుగు వేసి, లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మకందారు బాధ్యత వహించాలంటూ 82 నుంచి 87 దాకా సెక్షన్లు తెచ్చింది. జెనరిక్‌కు, బ్రాండ్‌కు అందులో తేడా లేదు. అమెరికాలో కనిపించే ఆ అన్యాయం మన చట్టంలో లేదు. రోగి తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. ఏ స్థాయి కమిషన్ వినాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా చెల్లించిన ధరను బట్టి నిర్ణయమవుతుంది. ఈ నియమాన్ని సుప్రీం కోర్టు 2025లో సమర్థించింది. మందుకు, వైద్యానికి పెట్టిన ఖర్చు 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషనే చాలు. 5 లక్షల లోపయితే ఫీజు కూడా ఉండదు. హాని జరిగిన రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి.

ఇంత విశాలంగా తెరిచిన తలుపును అదే చట్టంలోని 87వ సెక్షన్ సగం మూసేసింది. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువు అయితే, తయారీదారు ఆ నిపుణుడికి హెచ్చరికలు అందించడానికి తగిన ప్రయత్నం చేస్తే, హెచ్చరించలేదన్న దావా నుంచి తయారీదారుకు విముక్తి ఉంటుంది. అమెరికా కోర్టులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా తర్కించుకుంటున్న నిపుణ మధ్యవర్తి సూత్రాన్ని మన పార్లమెంటు నేరుగా చట్టంలోనే రాసిపెట్టింది. మన మందుల డబ్బాల్లో వచ్చే కరపత్రం చూస్తే దీని అర్థం తెలుస్తుంది. చాలావాటిలో అది ఇంగ్లిషులో, కంటికి ఆనని అక్షరాల్లో, రిజిస్టర్డ్ వైద్యులు, ఆస్పత్రులు, ల్యాబుల వాడకానికి మాత్రమేనని రాసి ఉంటుంది. ప్రతి వారం తన పొట్టకు తానే సూది వేసుకునే మనిషికి ఆ కాగితం ఉద్దేశించిందే కాదు. అమ్మకందారు విషయంలో మాత్రం 86వ సెక్షన్ ఒక ఆశ ఇస్తుంది. తయారీదారు ఇచ్చిన హెచ్చరికల్ని కొనేవారికి అందించకపోతే మందుల షాపు బాధ్యత వహించాలి. చీటీ అడగకుండా ఇంజెక్షన్ పెన్ను చేతిలో పెట్టిన షాపుపై ఈ సెక్షన్ బలమైన ఆయుధం.

కంపెనీ తప్పుకుంటే మిగిలేది డాక్టర్. ఇక్కడ రెండు గీతలు గీసి ఉన్నాయి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీం కోర్టు, సాటి వైద్యుల్లో ఒక బాధ్యతాయుత వర్గం సరేనన్న వైద్యం చేసిన డాక్టర్‌ది నిర్లక్ష్యం కాదని, క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో రోగి సమ్మతి లేకుండా చేసే వైద్యం తప్పని గట్టిగా చెబుతూనే, చాలా అరుదైన ప్రమాదాలన్నీ వివరించనక్కర్లేదని కూడా చెప్పింది. ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్ విషయంలో ఈ రెండో గీతను అర్థం చేసుకోవచ్చు. బరువు తగ్గడానికి తీరిగ్గా ఆలోచించి మొదలుపెట్టే మందుకు అదే కొలత సరిపోదు. అప్పటికే ఒక కన్ను పోయిన షుగరు రోగికి పదివేలలో ఒకటన్న చూపు ప్రమాదం అరుదైనదని దాటేసే సంగతా? బ్రిటన్ సుప్రీం కోర్టు 2015లో మాంట్‌గొమరీ కేసులో ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. ఆ రోగి స్థానంలో ఉన్న మనిషి ఏ ప్రమాదాన్ని ముఖ్యమని భావిస్తాడో దాన్ని చెప్పాల్సిందేనని, వైద్యుల వాడుక దానికి కొలత కాదని తేల్చింది. మన కమిషన్లు, కోర్టులు బరువు మందుల కేసుల్లో ఈ కొలతవైపు జరగాలి.

డాక్టర్ తప్పు స్పష్టంగా ఉన్నచోట మన కోర్టులు వెనకాడలేదు. కోల్‌కతాలో స్టిరాయిడ్ మోతాదు మించి వాడటం, చర్మం ఊడిపోయే జబ్బుకు సరైన చికిత్స అందకపోవడం వల్ల 1998లో అనురాధా సాహా చనిపోయారు. ఆ కేసులో 2013లో సుప్రీం కోర్టు ఆస్పత్రి, డాక్టర్లు కలిపి 5.96 కోట్లు, దానిపై వడ్డీ చెల్లించాలని ఆదేశించింది. ఆ పోరాటం నడిపిన భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టర్. అయినా పదిహేనేళ్లు పట్టింది. వైద్యం తెలియని, లాయర్‌ని పెట్టుకోలేని సామాన్య కుటుంబం ఆ దారిలో ఎంతదూరం నడవగలదో ఊహించడం కష్టం కాదు. పైగా అది మోతాదు తప్పిన కేసు. సరైన మోతాదులో, సరైన మనిషికి, సరైన కారణంతో ఇచ్చిన మందు హాని చేసినప్పుడు డాక్టర్ తప్పూ ఉండదు, 87వ సెక్షన్ వల్ల కంపెనీ బాధ్యతా ఉండదు. హాని మాత్రం మిగులుతుంది.

నకిలీ మందు కేసులో చట్టం కాస్త మెరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో నకిలీ సెమాగ్లుటైడ్ గురించి హెచ్చరించింది కాబట్టి ఈ ముప్పు ఊహ కాదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద కొన్న మనిషే ఫీజు కట్టి మందును ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. ప్రాణానికి లేదా ఒంటికి తీవ్రహాని చేసిన నకిలీ మందు కేసులో 27వ సెక్షన్ కింద పదేళ్లకు తగ్గని జైలుశిక్ష, పది లక్షలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఆ జరిమానా బాధితుడికో వారసులకో పరిహారంగా వెళ్లాలని చట్టమే చెబుతుంది. ప్రకటనల విషయంలోనూ మన చట్టం అమెరికా కంటే కఠినం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మందుల ప్రకటన చేయకూడని జబ్బుల జాబితాలో స్థూలకాయాన్ని కూడా చేర్చింది. సోషల్ మీడియాలో బరువు సూదుల్ని పొగిడే క్లినిక్‌లపై ఫిర్యాదు చేయడానికి ఈ చట్టం ఆధారమవుతుంది.

ఈ తలుపుల్లో దేన్ని తట్టినా మొదట అడిగేది సాక్ష్యమే. డాక్టర్ చీటీ, మందు బిల్లు, బ్యాచ్ నంబర్ కనిపించే డబ్బా, వాడిన పెన్ను దాచుకోవాలి. ఏ డోసు ఎప్పుడు మొదలైంది, బాధ ఎప్పుడు మొదలైంది అన్నవి తేదీలతో రాసుకోవాలి. ఆస్పత్రిలో చేరిన రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది కాబట్టి వాటిని అడిగి తీసుకోవాలి. తీవ్రమైన వాంతులు తగ్గకపోతే పొట్ట ఖాళీ అయ్యే పరీక్ష, హఠాత్తుగా చూపు మసకబారితే అదేరోజు కంటి డాక్టర్ పరీక్ష చేయించుకోవాలి. ఇవి మొదట ఆరోగ్యం కోసం, ఆ తర్వాత కేసు కోసం. జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబర్‌లో దుష్ప్రభావాన్ని తెలియజేయవచ్చు. వినియోగదారులు నింపే ఆ ఫారం తెలుగులోనూ ఉంది. దానివల్ల పరిహారం రాదు. కానీ అలాంటి నివేదికలు పోగైతేనే లేబుల్ మారుతుంది. ఎవరో ఒకరు చెప్పబట్టే తర్వాతి రోగికి హెచ్చరిక అందుతుంది.

అభ్యంతరాలకు జవాబు

మంచి మందు మీద కేసులు వేయమని ఉసిగొల్పితే కంపెనీలు జంకి, అవసరమైనవారికి మందు దొరకదని కొందరంటారు. ఈ భయాన్ని తీసిపారేయలేం. కానీ మందు ఆపమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. మేలు లక్షలమందికి, హాని కొద్దిమందికి అయినప్పుడు, ఆ కొద్దిమంది భారాన్ని మేలు పొందినవారు, లాభం పొందినవారు తలా కొంచెం మోస్తే ఎవరికీ బరువు కాదు. జపాన్ 1980 నుంచి ఇదే చేస్తోంది. క్లియోక్వినాల్, థాలిడోమైడ్ మందుల విషాదాల తర్వాత మందుల కంపెనీల చందాలతో అక్కడ పరిహార నిధి పెట్టారు. సక్రమంగా వాడిన మందు ఆస్పత్రిలో చేరేంత హాని చేస్తే, కంపెనీ తప్పు నిరూపించనక్కర్లేకుండానే సాయం అందుతుంది. థాలిడోమైడ్ అనుభవంతో జర్మనీ 1976లో కంపెనీల నిర్లక్ష్యం నిరూపించనక్కర్లేని బాధ్యతను చట్టంలోకి తెచ్చింది. డెన్మార్క్ అయితే నోవో నార్డిస్క్ పుట్టిన గడ్డే. సెమాగ్లుటైడ్ వల్ల చూపు దెబ్బతిన్న కొందరికి 2025లో అక్కడి రోగుల పరిహార సంస్థ సొమ్ము మంజూరు చేసింది. ఈ మూడు దేశాల్లో దేనిలోనూ మందుల పరిశ్రమ కుప్పకూలలేదు.

అందం కోసం తమంతట తాము కోరుకున్న మందు కదా, కష్టనష్టాలు వాళ్లే భరించాలి అన్నది మరో వాదన. స్థూలకాయం షుగరును, గుండెజబ్బును, మోకాళ్ల అరుగుదలను మోసుకొచ్చే జబ్బని వైద్యశాస్త్రం చెబుతున్నప్పుడు ఈ మాట నిలవదు. ఎవరైనా నిజంగానే అందం కోసం వాడారనుకుందాం. ప్రమాదం తెలిసి ఒప్పుకున్నవాడిని అతని ఎంపికకు బాధ్యుణ్ణి చేయవచ్చు. ప్రమాదం చెప్పకుండా ఎంపిక చేయించి, ఆ తర్వాత ఎంపిక నీదే అనడం న్యాయం అనిపించుకోదు. చీటీ లేకుండా, డాక్టర్‌ని చూడకుండా వాడినవారిని నిధి పరిధిలోంచి తప్పించవచ్చు. జపాన్‌లో అలాగే చేస్తారు. అది మందును సక్రమంగా వాడేలా ప్రోత్సహిస్తుంది కూడా.

డాక్టర్ల వైపు నుంచి ఒక ఆందోళన ఉంది. ఇప్పటికే చిన్నదానికీ కేసులు, దాడులు ఎదుర్కొంటున్నాం, ప్రతి అరుదైన ప్రమాదం చెప్పాలంటే రోగిని చూసేదెప్పుడు అని వారు అడుగుతారు. వారి మాటలో నిజం ఉంది కాబట్టే హెచ్చరికను డాక్టర్ జ్ఞాపకానికి వదలకూడదు. రోగి మాతృభాషలో, పెద్ద అక్షరాలతో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి రావాలో చెప్పే ఒక పేజీ కాగితం ప్రతి బరువు మందు డబ్బాతో ఇవ్వాలన్నది కంపెనీకి చట్టపరమైన విధి కావాలి. అప్పుడు డాక్టర్ మీద భారం తగ్గుతుంది, పరిహార నిధి డాక్టర్‌ని బోనెక్కించకుండానే రోగిని ఆదుకుంటుంది. చిన్నచిన్న ఫిర్యాదులతో నిధి ఖాళీ అవుతుందన్న భయానికీ జవాబు ఉంది. వికారం, విరేచనాలు నిధికి రావు. ఆస్పత్రిలో చేర్చినవి, శాశ్వత వైకల్యం మిగిల్చినవి, ప్రాణం తీసినవి మాత్రమే వస్తాయి. అవి మందు వల్లేనా అన్నది వైద్యుల బృందం తేలుస్తుంది.

ఇదేమీ మన చట్టానికి పరాయి ఆలోచన కాదు. భోపాల్ తర్వాత 1991లో తెచ్చిన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం, ప్రమాదకర పరిశ్రమల వల్ల దెబ్బతిన్నవారికి తప్పు నిరూపించకుండానే తక్షణ సాయం ఇస్తుంది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఎవరిదో తెలియకపోయినా మోటారు వాహనాల చట్టం బాధితుడికి సొమ్మిస్తుంది. మందుల రంగంలోనే మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ప్రయోగంలో పాల్గొన్న మనిషికి ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నిర్ణీత పద్ధతిలో లెక్కగట్టిన పరిహారం ఇవ్వాలి. అదే మందు అనుమతి పొంది షాపుకు వచ్చాక, ధర చెల్లించి కొన్న రోగికి అదే హాని జరిగితే అతను కోర్టుల చుట్టూ తిరగాలి. ప్రయోగంలో కొన్ని వేలమందిలో కనిపించని అరుదైన హానులు లక్షలమంది వాడాకే బయటపడతాయని ఎన్‌ఏఐఓఎన్ ఉదంతమే చూపించింది. అంటే కొనుక్కున్న రోగి కూడా ఒక విధంగా ఆ పెద్ద ప్రయోగంలో భాగస్వామే. ఆ ఇద్దరి మధ్య చట్టం చూపుతున్న తేడాకు సమర్థన లేదు.

కాబట్టి జెనరిక్ సూదులు విస్తరిస్తున్న ఈ దశలోనే మూడు పనులు జరగాలి. చీటీ మందుల కరపత్రం రోగి భాషలో రోగికే రాయాలని ఔషధ నియమాలు మార్చాలి. అలా రాయని కంపెనీకి 87వ సెక్షన్ మినహాయింపు వర్తించదని వినియోగదారుల చట్టానికి సవరణ తేవాలి. బరువు మందుల అమ్మకాలపై స్వల్పమైన సెస్సుతో, ఒక కేంద్ర సంస్థ నడిపే పరిహార నిధి మొదలుపెట్టి, క్రమంగా అన్ని మందులకూ విస్తరించాలి. ఇవి వచ్చినా కోర్టు తలుపు మూయకూడదు. దాచినవారిని, అబద్ధం చెప్పినవారిని శిక్షించడానికి అది ఉండాలి. కానీ ఎవరి తప్పూ లేకుండా దెబ్బతిన్న మనిషి పదిహేనేళ్లు ఎదురుచూడనక్కర్లేని దారి కూడా ఉండాలి. మందు తయారుచేసి ప్రపంచానికి అమ్మగల దేశానికి, ఆ మందు వాడి నష్టపోయిన తన మనిషిని నిలబెట్టడం చేతకాని పని కాదు. అది చేయాలన్న నిర్ణయమే ఇప్పుడు కావాలి.